డాక్టరు చూసిన దుమ్ము, తల్లి చూసిన దుమ్ము

రాతిని తొలిచే చోట, పగలగొట్టే చోట, పిండి చేసే చోట గాలిలో సిలికా ఉంటుంది. కంటికి ఆనని ఆ నలుసు ఊపిరితిత్తుల అడుగుకంటా చేరితే ఇక బయటికి రావడం అరుదు. దాన్ని మింగి నాశనం చేయబోయిన రక్షక కణం తానే చస్తుంది. ఆ చోట మచ్చ కడుతుంది. మచ్చలు పెరిగి ఒకదానితో ఒకటి కలిసి, మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. ఈ జబ్బు పేరు సిలికోసిస్. నయం చేసే మందు ఇవాళ్టికీ లేదు. పైగా ఈ జబ్బున్నవాడికి క్షయ తేలిగ్గా అంటుకుంటుంది.

సాహిత్యానికి ఇది ఒక పట్టాన లొంగని వస్తువు. గని కప్పు కూలితే ఒక తేదీ ఉంటుంది, శవాలుంటాయి, జనం పోగవుతారు. కథకు కావలసినవన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. దుమ్ము అలా చంపదు. నెలలో ఏళ్లో తీసుకుంటుంది. ముందు దగ్గు, తర్వాత ఆయాసం, ఆపైన మంచం. ప్రాణం పోయేనాటికి కూలీ పని మానేసి సొంతూరు చేరి ఉంటాడు. కాగితం మీద క్షయ అనో న్యుమోనియా అనో రాసి ఉంటుంది. ఇలాంటి చావులో హంతకుణ్ణి చూపించాలంటే రచయితకు ప్రత్యేకమైన శిల్పం కావాలి.

1930ల చివర, మన దగ్గర శ్రీశ్రీ మహాప్రస్థానం గీతాలు రాస్తున్న దశాబ్దంలోనే, ఇంగ్లీషులో ఇద్దరు ఈ పనికి పూనుకున్నారు. స్కాట్లండ్ డాక్టరు ఎ.జె. క్రోనిన్ రాసిన నవల ‘ది సిటడెల్’ 1937లో వచ్చింది. అమెరికన్ కవయిత్రి మ్యూరియల్ రుకైజర్ రాసిన ‘ది బుక్ ఆఫ్ ది డెడ్’ 1938లో ఆమె ‘యు.ఎస్. 1’ సంపుటిలో భాగంగా వచ్చింది. ఒకటి వేల్స్ బొగ్గు గనుల దుమ్ము, రెండోది వెస్ట్ వర్జీనియా సొరంగం దుమ్ము. నవల లక్షల మందికి చేరింది. కావ్యం చాలాకాలం కొద్దిమంది దగ్గరే ఉండిపోయింది. అయినా దుమ్ముకు న్యాయం చేసింది కావ్యమేనని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

అర్హతలో క్రోనిన్‌ను మించినవాడు లేడు. వేల్స్‌లోని ట్రెహర్బర్ట్, ట్రెడీగర్ గని ఊళ్లలో డాక్టరుగా పనిచేశాడు. 1924లో గనుల వైద్య పర్యవేక్షకుడిగా నియమితుడయ్యాడు. ఇనుప ఖనిజమైన హెమటైట్ తవ్వే కార్మికులు పీల్చే దుమ్ము మీద 1926లో వైద్య పత్రం ప్రచురించాడు. నవల్లో కథానాయకుడు ఆండ్రూ మాన్సన్ కూడా ఇదే దారిలో నడుస్తాడు. కొత్తగా పట్టా పుచ్చుకుని వేల్స్ గని ఊరికి వస్తాడు. అక్కడి నుంచి అబెరలా అనే మరో ఊరికి మారతాడు. ఆంత్రసైట్ బొగ్గు తవ్వేవాళ్లలో ఊపిరితిత్తుల జబ్బు మిగతావాళ్లకంటే ఎక్కువగా ఉందని గమనిస్తాడు. భార్య క్రిస్టీన్ సాయంతో కార్మికులను పరీక్షించి లెక్కలు కడతాడు, గినీ పందుల మీద ప్రయోగాలు చేస్తాడు, దుమ్ములోని సిలికా దగ్గరికి చేరుకుంటాడు.

రుకైజర్‌కు వైద్యం తెలియదు. గనితో చుట్టరికం లేదు. 1936లో వెస్ట్ వర్జీనియాలోని గాలీ బ్రిడ్జ్ ఊరికి ఫొటోగ్రాఫర్ నాన్సీ నామ్‌బర్గ్‌తో కలిసి వెళ్లేనాటికి ఆమెకు 22 ఏళ్లు. ఆ ఊరి దగ్గర కొండను తొలిచి ఒక నదిని మళ్లించారు. హాక్స్ నెస్ట్ సొరంగం అంటారు. పొడవు 5 కిలోమీటర్లకు కాస్త తక్కువ. పని 1930లో మొదలైంది. కట్టించినది యూనియన్ కార్బైడ్ అనుబంధ సంస్థ. అర్ధశతాబ్దం తర్వాత భోపాల్‌తో మన దేశమంతా తెలుసుకున్న కంపెనీ అదే. కొండ లోపలి రాయిలో కొన్నిచోట్ల 90 శాతానికి పైగా సిలికా ఉంది. పక్క ఊళ్లో ఉన్న కంపెనీ లోహాల ఫ్యాక్టరీకి అది పనికొచ్చే సరుకు. అందుకని సొరంగాన్ని అనుకున్నదానికంటే వెడల్పు చేశారు. లోపల పనిచేసినవాళ్లు సుమారు 3,000 మంది. వాళ్లలో ముప్పాతిక మంది దక్షిణాది రాష్ట్రాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నల్లజాతి వాళ్లు.

ఈ సంగతులన్నీ 1936 మొదట్లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు సాక్ష్యాలుగా వచ్చాయి. నీళ్లు చల్లకుండా పొడి డ్రిల్లింగ్ చేయించారని, పేలుడు పొగ తగ్గకముందే కూలీలను లోపలికి తోలారని, తనిఖీకి వచ్చే పెద్దలు మాస్కులు కట్టుకునేవారని, కూలీలకు మాత్రం ఇవ్వలేదని సాక్షులు చెప్పారు. రుకైజర్ ఆ వాంగ్మూలాలను తీసుకుని 20 కవితల వరుసగా కూర్చింది. క్రోనిన్ తన అనుభవాన్ని కల్పనగా మలిచాడు. రుకైజర్ పరాయివాళ్ల అనుభవాన్ని వాళ్ల మాటల్లోనే ఉంచింది. రెండు రచనల దారులూ ఇక్కడే విడిపోయాయి.

ముందు డాక్టర్ల సంగతి చూద్దాం. సిటడెల్‌లో అబెరలా డాక్టర్లకు జీతమిచ్చేది గని కార్మికుల వైద్య సహాయ సంఘం. కార్మికులు తమ కూలి నుంచి చందాలు కట్టి డాక్టరును పెట్టుకుంటారు. క్రోనిన్ ఈ ఏర్పాటును ఆకాశానికెత్తలేదు. పెద్ద డాక్టరు చిన్న డాక్టర్ల జీతంలో వాటా గుంజుతాడు. దొంగ జబ్బు కాగితం ఇవ్వనన్న మాన్సన్‌కు రోగులు దూరమవుతారు. చివరికి గినీ పందుల గొడవ పెట్టి అతన్ని విసిగించేదీ ఆ ఊరివాళ్లే. ఇన్ని లోపాలున్నా, డాక్టరు కార్మికుడి మనిషి కాబట్టి కార్మికుడి రొమ్ములో ఏముందో వెతకగలిగాడు. కథలో ఇది అంతర్లీనంగా ఉన్న నిజం. రచయిత దాన్ని పైకి తీసి చూపలేదు.

గాలీ బ్రిడ్జ్‌లో డాక్టర్లు కంపెనీ మనుషులు. రొమ్ము పట్టేసిందని వచ్చినవాడికి నల్ల మాత్రలు ఇచ్చి పంపారని, సొరంగం జబ్బు అని ఏదో పేరు చెప్పారని సాక్ష్యాలున్నాయి. రుకైజర్ వాళ్లను తిట్టదు. వైద్యులు కమిటీ ముందు ఇచ్చిన జవాబులనే కవితగా పేరుస్తుంది. ‘ది డిసీజ్’ కవితలో ఒక డాక్టరు ఎక్స్‌రే పట్టుకుని ప్రశ్నకు జవాబు చెబుతూ పోతాడు. మచ్చ ఎక్కడుందో, ఎంత పాకిందో, మనిషి ఎలా ఉక్కిరిబిక్కిరవుతాడో చెబుతాడు. కవయిత్రి తన తరఫున ఒక్క విశేషణం చేర్చదు. మాన్సన్ పరిశోధన చదువుతుంటే ఆ కుర్రాడి తెలివికి ముచ్చటేస్తుంది. ఈ ఎక్స్‌రే కవిత చదివాక మనసులో మిగిలేది రోగి రొమ్ము. చూసేవాడి మీద ఉన్న వెలుగు చూడబడేవాడి మీదికి మళ్లింది. శిల్పంలో తేడా అంటే ఇదే.

ఇక జబ్బు పసిగట్టిందెవరు? నవల్లో డాక్టరు. కావ్యంలో ఒక తల్లి. ‘అబ్సలోమ్’ కవిత మొత్తం ఆమెది. తెలుగు బైబిలు చదివినవాళ్లకు అబ్షాలోము కోసం దావీదు రాజు ఏడ్చిన ఏడుపు తెలుసు. ఇక్కడ ఏడ్చేది రాజు కాదు, ముగ్గురు కొడుకులనూ సొరంగానికి పోగొట్టుకున్న కూలీ ఇల్లాలు. ఏడుపుతో ఆగదు కూడా. ఎక్స్‌రేకు డబ్బుల్లేక రోడ్డు మీద నిలబడి అడుక్కుంటుంది. తాను పోయాక శరీరం కోయించి చావుకు కారణం ఈ పనేనేమో చూడమని చిన్న కొడుకు చెప్పిన మాట నెరవేరుస్తుంది. ఆ కోతలో బయటపడిన దుమ్మే కంపెనీ మీద వేసిన కేసుకు ఆధారం. మాన్సన్ లెక్కలు కట్టి కనుక్కున్న సత్యాన్ని ఈ తల్లి కొడుకు శవం మీద నిరూపించింది. ఆమె మాటల మధ్య రుకైజర్ ప్రాచీన ఈజిప్టు మృతుల గ్రంథంలోని ప్రార్థనల ధోరణిని అల్లింది. చచ్చినవాడు మళ్లీ నోరు తెరిచి మాట్లాడాలని వేడుకునే మంత్రాలవి. కావ్యం పేరూ అక్కడిదే.

నవల్లోని స్త్రీని ఈమె పక్కన నిలబెడితే క్రోనిన్ పరిమితి తెలుస్తుంది. క్రిస్టీన్ స్కూలు టీచరు, తెలివైనది, నిజాయితీ ఉన్నది. దుమ్ము లెక్కల్లో ఆమె శ్రమ ఉంది. కానీ కథ ఆమెను మాన్సన్ అంతరాత్మగా నిలబెట్టింది. అతను డబ్బు వెంట పడ్డప్పుడు బాధపడటం, దారికొచ్చాక సంతోషించడం, ఆ వెంటనే బస్సు కింద పడి చనిపోవడం ఆమె వంతు. గని కార్మికుల భార్యలు, తల్లులు తెర వెనకే ఉండిపోయారు. మగవాళ్లు కూడా ఎక్కువగా గుంపుగానే కనిపిస్తారు.

సిటడెల్ అసలు లోపం దీనికంటే లోతైనది. నవల సగంలోకి వచ్చేసరికి దుమ్ము మాయమవుతుంది. పరిశోధనకు పేరొచ్చి మాన్సన్ లండన్‌లో గనులకు సంబంధించిన ప్రభుత్వ బోర్డులో చేరతాడు. అక్కడ అతనికి అప్పగించిన పని ప్రథమ చికిత్స పెట్టెల్లో కట్టుగుడ్డల కొలతలు సరిచూడటం. ఈ వ్యంగ్యం పుస్తకంలో అత్యంత పదునైన భాగం. దుమ్ము మీద పనిచేయాల్సిన చోట గుడ్డ ముక్కలు కొలవడం ఏ దేశపు ఆఫీసుకైనా సరిపోయే చిత్రం. విసిగి అతను రాజీనామా చేస్తాడు. అక్కణ్ణుంచి కథ లండన్ ప్రైవేటు ప్రాక్టీసు, ధనిక రోగులు, చేతగాని సర్జన్ కత్తికి బలైన ఒక అమాయకుడు, పశ్చాత్తాపం, వైద్య మండలి ముందు విచారణ, ఇలా సాగిపోతుంది. అబెరలాలో దగ్గుతున్న కార్మికులు ఏమయ్యారో పాఠకుడికి తెలియదు. అడగాలని కూడా తోచదు, కథ అంత ఊపుగా నడుస్తుంది.

ఇది మతిమరుపు వల్ల జరగలేదు. నవల చివర మాన్సన్ గెలుపు మేరీ బోలండ్ అనే అమ్మాయి కోలుకోవడం మీద ఆధారపడి ఉంది. ఆమె జబ్బు క్షయ. ఊపిరితిత్తిని కొంతకాలం ముడిచి ఉంచే వైద్యం ఆ రోజుల్లో క్షయకు చేసేవారు. పట్టా లేని నిపుణుడితో కలిసి ఆ వైద్యం చేయించినందుకే మాన్సన్ విచారణ ఎదుర్కొంటాడు, నెగ్గుతాడు. డాక్టరు నాయకుడైన కథకు డాక్టరు నయం చేయగల జబ్బు కావాలి. సిలికోసిస్ దగ్గర డాక్టరు చేతులు కట్టేసినట్టే. అతను కనుక్కోగలడు, లెక్క కట్టగలడు, ఆపలేడు. అందుకే క్రోనిన్ ఊపిరితిత్తుల్లోనే ఉంటూ జబ్బును మార్చేశాడు. సాహిత్యపరంగా నేర్పైన మలుపే. దుమ్ము పీల్చినవాళ్ల వైపు నుంచి చూస్తే వదిలేసి వెళ్లిపోవడం.

దుమ్మును ఆపగలిగింది వైద్యం కాదని రుకైజర్‌కు మొదటి నుంచీ తెలుసు. ఆపగలిగేవి డ్రిల్లు మొన దగ్గర నీళ్లు, సొరంగంలో గాలి మార్పిడి. అవి కొత్త సంగతులు కావు. సొరంగం పని మొదలైన 1930లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆధ్వర్యంలో జోహన్నెస్‌బర్గ్‌లో సిలికోసిస్ నిపుణుల సమావేశం జరిగింది. దక్షిణాఫ్రికా బంగారు గనులకు తడి డ్రిల్లింగ్ అప్పటికే పాత సంగతి. అయినా తడి పద్ధతిలో పని నెమ్మదిగా సాగుతుంది, నెమ్మది అంటే ఖర్చు. కావ్యం మధ్యలో నీళ్లు ఒక పెద్ద ప్రతీక అవుతాయి. ఆనకట్ట మీద దూకే నీళ్లు, టర్బైన్లను తిప్పే నీళ్లు, విద్యుత్తుగా మారే నీళ్లు. ‘పవర్’, ‘ది డ్యామ్’ కవితల్లో ఆ శక్తిని చూసి ఆమె నిజంగానే మురిసిపోతుంది. ఇంజినీరింగ్‌ను ద్వేషించదు. ఒక నదినే కొండలోకి మళ్లించగలిగినవాళ్లు డ్రిల్లు మొన మీదికి కాసిని నీళ్లు మళ్లించలేదన్న నిజం ఆ మురిపెం పక్కనే నిలబడి ఉంటుంది. వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

డబ్బు విషయంలోనూ అంతే. సిటడెల్‌లో డబ్బు మనిషి బలహీనత. మాన్సన్ పడ్డాడు, లేచాడు. బుక్ ఆఫ్ ది డెడ్‌లో డబ్బు ఒక వ్యవస్థ. ఆనకట్ట మీద రాసిన కవిత నడిమధ్యన రుకైజర్ కంపెనీ షేరు ధరను అంకెలతో సహా దించేసింది. చదువుతున్నవాడు ఉలిక్కిపడతాడు. కవిత్వంలోకి రానివ్వకూడనిదని మనం అనుకునే ఆ అంకే హంతకుడి అడ్రసు. నవల చదివి చెడ్డ డాక్టర్ల మీద కోపం తెచ్చుకుంటాం. కావ్యం చదివి కాంట్రాక్టు కాగితం మీద కోపం తెచ్చుకుంటాం.

అలాగని రుకైజర్‌కు లోపాలు లేవని కాదు. ఆ సొరంగంలో చచ్చినవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. రాజీ సొమ్ము పంచినప్పుడు కూడా తెల్లవాడికి ఎక్కువ, నల్లవాడికి తక్కువ లెక్కగట్టారు. అయినా కావ్యంలో నల్ల కార్మికుడు తన నోటితో నిండుగా మాట్లాడే కవిత ‘జార్జ్ రాబిన్సన్: బ్లూస్’ ఒక్కటే. అందులో సొరంగంలోంచి బయటికొచ్చిన నల్లవాళ్లూ తెల్లవాళ్లూ దుమ్ముతో ఒకే తెలుపులో కనిపించే సన్నివేశం మరపురానిది. కానీ మిగతా గొంతుల్లో ఎక్కువ తెల్లవాళ్లవే. సాక్ష్యాలు ఎలా దొరికాయో కావ్యమూ అలాగే ఉంది. ఆ కొరతను దాటే ప్రయత్నం ఆమె గట్టిగా చేయలేదు. ఈజిప్టు పురాణాన్ని కొన్నిచోట్ల శ్రుతి మించి వాడింది. ఏ కార్మికుడైనా తన కథను ఈ పుస్తకంలో పట్టుకోగలడా అన్న ప్రశ్న న్యాయమైనదే.

ఈ ప్రశ్నకు క్రోనిన్ దగ్గర ఘనమైన జవాబుంది. అతన్ని అందరూ చదివారు. 1938లో కింగ్ విడార్ సిటడెల్‌ను సినిమాగా తీశాడు. క్రోనిన్ పనిచేసిన ట్రెడీగర్ అన్యూరిన్ బెవన్ ఊరు. ఆ బెవనే ఆరోగ్య మంత్రిగా 1948లో బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించాడు. జనాభిప్రాయాన్ని అటువైపు మళ్లించడంలో సిటడెల్ పాత్ర ఉందని చాలామంది చెబుతారు. అందులో అతిశయోక్తి పాలు తీసేసినా ఒక నవలకు అది చిన్న ఘనత కాదు. అయితే ఆ ఘనత వైద్య వ్యవస్థకు సంబంధించినది. వేల్స్ బొగ్గు కార్మికుల దుమ్ము జబ్బుకు విస్తృతంగా పరిహారం 1943లో దక్కింది. దాని వెనక ఉన్నవి కార్మిక సంఘాల ఒత్తిడి, వైద్య పరిశోధన మండలి సర్వే. గాలీ బ్రిడ్జ్‌లో అదీ లేదు. 1935లో వెస్ట్ వర్జీనియా తెచ్చిన సిలికోసిస్ చట్టంలో పెట్టిన షరతుల వల్ల సొరంగం కూలీలకు ఏమీ దక్కలేదు. కాంగ్రెస్ ఉపసంఘం విచారణా ముందుకు సాగలేదు. రుకైజర్ ‘ది బిల్’ కవితలో ఆ వైఫల్యాన్ని ఉన్నదున్నట్టు రాసింది. చనిపోయినవాళ్ల లెక్క కూడా తేలలేదు. కంపెనీ ఒప్పుకున్నది 109, కాంగ్రెస్ విచారణలో వచ్చిన సంఖ్య 476, డాక్టర్ మార్టిన్ చెర్నియాక్ 1986లో తన పుస్తకంలో వేసిన అంచనా 764. లెక్క పెరుగుతూ వచ్చిన కొద్దీ కావ్యం మళ్లీ చదువరుల్లోకి వచ్చింది. 2018లో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ దాన్ని విడి పుస్తకంగా తెచ్చింది.

మన దేశానికి ఈ రెంటిలో చేరింది సిటడెల్ ఒక్కటే. 1971లో హిందీలో ‘తేరే మేరే సప్నే’, 1982లో తెలుగులో ‘మధుర స్వప్నం’ ఆ నవల ఆధారంగా వచ్చాయి. పేర్లు చూస్తేనే తెలుస్తుంది, మనం దిగుమతి చేసుకున్నది డాక్టరు కలలను. క్రోనిన్ సగంలో వదిలిన దుమ్మును సినిమాలు తలకెత్తుకోలేదు. దాన్ని వెతకడానికి వేల్స్ దాకా వెళ్లనక్కర్లేదు. మార్కాపురం పలకల గనులు, చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ క్వారీలు, ఊరూరా కంకర క్రషర్లు మన దగ్గరే ఉన్నాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో చేర్చారు. గుజరాత్‌లో క్వార్ట్జ్ పిండి చేసే యూనిట్లలో పనిచేసి చనిపోయిన 238 మంది మధ్యప్రదేశ్ ఆదివాసీ కూలీల కుటుంబాలకు మూడేసి లక్షలు ఇవ్వాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2010లో సిఫారసు చేసింది. దాన్ని అమలు చేయించడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

అంటే మనకూ సాక్ష్యాలున్నాయి. పిటిషన్లు, ఎక్స్‌రేలు, పరిహారం ఉత్తర్వులు, తిరస్కరణ ఉత్తరాలు ఫైళ్లలో పడి ఉన్నాయి. సింగరేణి మీద మంచి కథలు రాసుకున్న భాష మనది, ఈ వస్తువు మన కలానికి అందనిదేమీ కాదు. తెలుగులో దుమ్ము మీద రాయబోయే వాళ్లకు క్రోనిన్ దగ్గర నేర్చుకోవలసింది కథనం. పాఠకుణ్ణి చివరిదాకా కూర్చోబెట్టడం చిన్న విద్య కాదు. కానీ ఎవరి గొంతుతో చెప్పాలన్న దగ్గర రుకైజర్ వైపే నిలబడాలి. మంచి డాక్టరు దొరికితే చాలు అన్న నమ్మకాన్ని సిటడెల్ ఇస్తుంది, ఆ నమ్మకం దుమ్ము విషయంలో తప్పు. రాయి తొలిచే చోట నీళ్లు పెట్టించాల్సినవాడు యజమాని, పెట్టించాడో లేదో చూడాల్సింది ప్రభుత్వం. ఆ ఇద్దరి పేర్లూ రాయని రచన ఎంత కన్నీరు పెట్టించినా సగం రచనే.